తెల్లగా వచ్చిన సగం పేజీ

చిత్తూరు నుంచి తిరుపతి వెళ్లే దారిలో ఉన్న ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఇరవై తొమ్మిదేళ్లు ఆఫీసు సూపరింటెండెంటుగా పనిచేశాను. ఎవరు చేరారు, ఎవరు మానేశారు, ఎవరి దగ్గర ఏ బీరువా తాళం ఉంది, అన్నీ నా పుస్తకాల్లో ఉండేవి. ఎవరైనా మానేస్తే ఆ పూటకే వాళ్ల పేరు గేటుకు, స్టోర్సుకు, క్యాంటీనుకు రాసి పంపేవాణ్ణి. టోపీ, గమ్ బూట్లు తిరిగి ఇవ్వకుండా గేటు దాటిన కూలి మనిషి నా కాలంలో ఒక్కరూ లేరు. ఇంటికి వెళ్లాక, జరిగినదంతా ఒక పేజీకి మించకుండా డైరీలో రాసుకునేవాణ్ణి. చదువుకునే రోజుల నుంచీ ఉన్న అలవాటు అది.

యజమానిని మేమందరం మొదలాళి అనేవాళ్లం. నేను రిటైరు కావడానికి రెండేళ్ల ముందు ఆయన ఫ్యాక్టరీ కాగితాలన్నీ క్లౌడులో పెట్టించాడు. ఇష్టపడి చేసిన పని కాదు. గుజ్జు కొనే విదేశీ కంపెనీ పట్టుబట్టింది. ఏ డ్రమ్ములో ఉన్న గుజ్జు ఏ రైతు కాయలది, ఏ రోజు తీశారు, ఎంత వేడి చేశారు, ల్యాబు పరీక్షలో ఏం తేలింది అన్నది వాళ్లు వాళ్ల దేశంలో కూర్చునే చూసుకోవాలట. కాగితాలు ఎక్కడో దూరంగా ఎవరివో పెద్ద కంప్యూటర్లలో, మనకని ఇచ్చిన ఒక గదిలాంటి చోట ఉంటాయి, ఇక్కడి నుంచి పాస్‌వర్డు కొట్టి ఆ గది తెరుచుకోవాలి. నాకు అర్థమైంది అంతే. మిగతావాళ్లకూ అంతకు మించి తెలియదు. కొనుగోళ్లు చూసే మేనేజరు అది ఆఫీసు సంగతి అనుకున్నాడు. ల్యాబు పెద్ద అది కంప్యూటర్ గది సంగతి అనుకున్నాడు. మొదలాళి అది విదేశీ కంపెనీ ముచ్చట అనుకున్నాడు.

ఆ పనికి ఒక అమ్మాయిని తీసుకున్నాం. పూతలపట్టు నుంచి రోజూ బస్సులో వచ్చేది. తిరుపతిలో కంప్యూటర్లు చదువుకుంది. వాళ్లమ్మ మా ఫ్యాక్టరీలోనే కాయలు కోసే గుంపులో కూలి. కూతురు మొదటిసారి ఆఫీసు మెట్లెక్కుతుంటే, తల్లి నెత్తిన ప్లాస్టిక్ టోపీతో, చేతిలో కత్తితో అలాగే నిలబడి చూసింది.

"ఏమ్మే, కూతురు ఆఫీసరయితే నీ కత్తి కాయ కోయనంటాదా?" అని మేస్త్రీ అరిచాడు. గుంపంతా నవ్వింది. తల్లి కూడా నవ్వి తల వంచుకుని కోయడం మొదలుపెట్టింది.

చేరిన రెండో వారంలో ఆ అమ్మాయి నా బల్ల దగ్గరికి వచ్చింది.

"సార్, మానేసినోళ్ల పేర్లు గేటుకు పంపుతారు కదా. నాకూ ఒక కాపీ పంపండి సార్. వాళ్ల లాగిన్లు తీసెయ్యల్ల."

"వాళ్ల దగ్గర నీవేం సామాన్లు ఉన్నాయమ్మా తిరిగి తీసుకోవడానికి? గమ్ బూట్లా?"

"గమ్ బూట్లయితే పోతే పోనీలే సార్. ఇది అట్ల కాదు. మానేసిపోయిన మనిషి యాడ కూచోనన్నా సరే, ఆ పేరుతో మన గదిలోకి వచ్చేస్తాడు."

నా పని నాకు నేర్పుతోందనిపించింది. పైనుంచి ఆర్డరు తీసుకురమ్మన్నాను. క్యాంటీనులో ఇడ్లీలు పెట్టే మనిషికి ఏ ఆర్డరూ లేకుండా పంపే జాబితా అది. ఆమె రెండోసారి వచ్చి అడిగినప్పుడు చూద్దామన్నాను. చూడలేదు.

పాస్‌వర్డు ఒక్కటీ చాలదని ఆ అమ్మాయి రెండో తాళం కూడా పెట్టింది. రోజూ పొద్దున ఒకసారి ఫోనుకు ఒక నంబరు వస్తుంది, అది కొడితేనే ఆ రోజుకు గది తెరుచుకుంటుంది. ఎవరి ఫోనుకు అన్నప్పుడు మొదలాళి తన ఫోనుకే రావాలన్నాడు. తాళంచెవి ఇంటి పెద్ద దగ్గర ఉండాలని ఆయన మాట. పొద్దున ఏడింటికి ఫోను చేస్తే ఆయన నంబరు చదివేవాడు, ఈ అమ్మాయి కొట్టేది. నాలుగు నెలలు బాగానే సాగింది.

అప్పుడు తోతాపురి కోతలు మొదలయ్యాయి. కోతల్లో మొదటి శనివారం నడిచి కొండెక్కడం మొదలాళికి మొక్కు. ఆయన తెల్లవారకముందే బయలుదేరి, దర్శనం వరుసలోకి పోయే ముందు అందరిలాగే ఫోను కౌంటర్లో అప్పగించి లోపలికి వెళ్లిపోయాడు. ఏడింటికి ఇక్కడ నంబరు అడిగారు. మొదలాళి ఫోను ఏదో సంచిలో, ఏదో అరలో పడి ఉంది.

గది తెరుచుకోలేదు. గది తెరుచుకోకపోతే టోకెను రాదు, టోకెను లేనిదే కాయల బండిని గేటులోకి వదలరు. తొమ్మిదికల్లా ట్రాక్టర్లు, లారీలు రోడ్డు దాకా నిలబడ్డాయి. పదకొండుకు కింది పొరలో కాయలు నలిగి రసం కారడం మొదలైంది. ఈగలు. రైతులు ఆఫీసు కిటికీ దగ్గరికి వచ్చేశారు.

"మా కాయలు ఎండలో, మీ కాగితాలు మబ్బులోనా అప్పా? బాగుండాదే యవ్వారం!"

"మీ మొదలాళి స్వామిని సూసి వచ్చేదాకా ఈ కాయలు కూడా ఉపవాసం ఉండల్లంటనా?"

అమ్మాయి కిటికీ దగ్గర నిలబడి ఒక్కొక్కరికీ నచ్చజెబుతూ ఉంది. మేనేజరు తన గది తలుపు వేసుకున్నాడు. నేను కూర్చునేది ముందరి బల్ల దగ్గరే కాబట్టి అన్నీ చూశాను. మధ్యాహ్నం రెండు దాటాక మొదలాళి ఫోను చేసి నంబరు చదివాడు, బండ్లు కదిలాయి. సాయంత్రం నాలుగున్నరకు ఆయనే వచ్చాడు, చేతిలో లడ్డూల సంచి, కాళ్లకు చెప్పులు లేవు. మమ్మల్నందర్నీ తన గదిలోకి పిలిచాడు.

"ఆ రెండో తాళం తీసెయ్ మ్మా."

"తీస్తే ప్రమాదం సార్. మీ ఫోను ఒద్దంటే ఇంకొకరి ఫోనుకు పెడతా. సూపరింటెండెంటు సార్ ఫోనుకు పెట్టినా సరే."

"నా ఇంటి తాళంచెవి ఇంకొకడి మొలతాడుకు కట్టల్లనా? తీసెయ్."

"అట్లయితే తీసెయ్యమని రాసి ఇయ్యండి సార్."

మొదలాళి ఆమెను కాసేపు చూసి పెద్దగా నవ్వాడు.

"రాసేదానికి మన సూపరింటెండెంటు లేడా? నేను తుమ్మినా రాసుకుంటాడు ఆ మనిషి. ఏమప్పా, రాసుకో. మొదలాళి తీసెయ్యమన్నాడు అని."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన అందరికీ ప్రసాదం పంచాడు. ఆ అమ్మాయికి కొంచెం పెద్ద ముక్కే ఇచ్చాడు.

అయిదింటికి ఆమె నా బల్ల మీద ఒక కాగితం పెట్టింది. ఈసారి సంతకంతో రాసి తెచ్చింది.

"రెండో తాళం తీసేసినా సార్. ఇప్పుడన్నా మానేసినోళ్ల లిస్టు ఇయ్యండి. ఇంక ఉండేది ఆ ఒక్క తలుపే."

కాగితం సొరుగులో వేసి, బస్సు వెళ్లిపోతుందని చెప్పాను.

ఆ రోజు డైరీ పేజీ పైసగంలో మొదలాళి మాట ఆయన అన్నట్టే రాశాను. కింది సగంలో ఇలా రాశాను: కంప్యూటర్ అమ్మాయి మానేసినవారి జాబితా కోసం మూడవసారి, ఈసారి రాతపూర్వకంగా అడిగినది. ఇవ్వలేదు. ఈ నెల మానేసినవారు నలుగురు. వారి పేర్లు కూడా వరుసగా రాశాను. మూడో పేరు ల్యాబు అసిస్టెంటుది. అతను గూడూరులో నిమ్మకాయల మండీలో పనికి కుదిరాడని కూడా రాశాను.

కోతలు అయిపోతుండగా ఒక సోమవారం పొద్దున ఆ అమ్మాయి గది తెరిచింది. లోపల ఏమీ లేదు. ఆ సీజను కాగితాలన్నీ పోయాయి. వాటి కాపీలు పోయాయి, ఎందుకంటే కాపీలు కూడా అదే తాళం కింద ఉండేవి. వేరే చోట ఇంకో కాపీ ఉంచుదామని ఆమె అడిగితే ఒక సంసారానికి రెండు ఇళ్లు ఎందుకని మొదలాళి ఒప్పుకోలేదు. గదిలో మిగిలింది డబ్బు ఇస్తే అన్నీ తిరిగి ఇస్తామని ఇంగ్లీషులో రాసిన ఒక ఉత్తరం. జవాబు రాస్తే అటు నుంచి పలికినవాడు లేడు.

మొదటి రోజు అందరం కంప్యూటర్ గదికి ఏదో జబ్బు చేసిందన్నట్టు తలుపు దగ్గరికి వచ్చి చూసి పోయాం. మూడో రోజుకు మద్రాసు రేవులో మా కంటైనర్లు ఆగిపోయాయి. పరీక్ష కాగితాలు కనిపించనిదే సరుకు తీసుకునేది లేదని విదేశీ కంపెనీ చెప్పేసింది. మా షెడ్లో వందల డ్రమ్ములు ఉన్నాయి. ప్రతి దాని మీదా నంబరు ఉంది. ఆ నంబరు ఎవరి కాయలదో, అందులోది మంచి గుజ్జో కాదో చెప్పే కాగితం లేదు. "పేరుండాది, ఊరు లేదు" అన్నాడు ల్యాబు పెద్ద. ఆ గుజ్జును అమ్మడానికి లేదు, పెట్టడానికి ఇంక చోటు లేదు. వారానికి యంత్రాలు ఆపేశారు. బండ్లను గేటు దగ్గరి నుంచే తిప్పి పంపారు. పదో రోజున కాయలు కోసే గుంపును రావద్దన్నారు. పాస్‌వర్డు అన్న మాట కూడా తెలియని మూడు వందల మంది ఆడవాళ్ల చేతిలో కత్తులు ఆగిపోయాయి.

ఎలా జరిగిందో తేల్చడానికి మద్రాసు నుంచి ఒకాయన వచ్చాడు. తెలుగు కొంచెం అరవ యాసతో మాట్లాడేవాడు. ఒక్క పూటలో తేల్చేశాడు. మానేసి వెళ్లిన ల్యాబు అసిస్టెంటు లాగిన్ ఇంకా బతికే ఉంది. అతని పాస్‌వర్డును ఎవరో దొంగిలించారు. ఆ సంగతి గూడూరులో ఉన్న అతనికే తెలియదు. ఆ పేరుతో లోపలికి వచ్చినవాణ్ణి ఆపడానికి రెండో తాళం లేదు.

మొదలాళి గదిలో ఆరుగురం కూర్చున్నాం. మేనేజరూ ల్యాబు పెద్దా, కంప్యూటర్ల పని ఆ అమ్మాయిదేనని చెప్పారు. నేనూ అదే చెప్పాను.

"రెండో తాళం ఎవరు తీయమన్నది?" అని మద్రాసు ఆయన అడిగాడు.

"సారే తీసెయ్యమన్నారు" అంది అమ్మాయి.

"నేనా? ఎప్పుడు మ్మా?" అన్నాడు మొదలాళి.

"కొండ నుంచి వచ్చిన రోజు సార్. ఈ గదిలోనే. సూపరింటెండెంటు సార్ రాసుకునే ఉంటాడు. మీరే రాసుకోమన్నారు."

మద్రాసు ఆయన నా వైపు తిరిగాడు. మొదలాళి నన్ను చూడలేదు. కూజాలో నుంచి గ్లాసులోకి నీళ్లు వంచుకుంటున్నాడు.

పైసగం చూపిస్తే కింది సగం కూడా చూపించాలి. అది ఆలోచించడానికి నాకు ఎక్కువసేపు పట్టలేదు.

"డైరీలో ఇంటి సంగతులే రాసుకుంటానండి. ఫ్యాక్టరీ సంగతులు రాయను" అన్నాను.

"మానేసినవాళ్ల పేర్లు ఈ అమ్మాయికి ఎవరు చెప్పాలి?"

"అడిగితే నేనే ఇచ్చేవాణ్ణి. అడగలేదు."

"మూడు తూర్లు అడిగినా సార్" అంది ఆమె. గట్టిగా కూడా అనలేదు. "కాగితం గూడా ఇచ్చినా."

"ఆ కాగితం కాపీ ఉందా నీ దగ్గర?" అని అడిగింది నేనే. ఆమె దగ్గర లేదు. కాపీ పెట్టుకున్నది కూడా పోయిన వాటిలోనే పోయింది. అసలు కాగితం గోడకు అవతల, నా సొరుగులో ఉంది.

గేటు లోపల ఆవరణలో ఆ రోజు కూడా కాయలు కోసే ఆడవాళ్లు వచ్చి కూర్చున్నారు. పని ఎప్పుడు మొదలవుతుందో కనుక్కోవడానికి రోజూ వచ్చేవాళ్లు. మొదలాళి ఆ అమ్మాయిని తనతో మెట్లు దింపాడు. వెనక మేమందరం వచ్చాం.

"రోజూ నన్ను అడుగుతా ఉండారు కదా. ఈమెను అడగండి. మీ కూలి పోయింది ఈమె చేతిలోనే" అన్నాడు.

ఒకామె లేచి, "మెత్తగా కుర్చీలో కూచొని మా నోట్లో మన్ను కొడితివి గదమ్మే" అంది. ఇంకో ఇద్దరు లేచారు. అప్పుడు గుంపులో అందరూ ఒకవైపు తిరిగి చూశారు. వాళ్లు చూస్తున్నది తల్లిని. ఆమె కూర్చున్న చోటు నుంచి లేచింది, చీర కుచ్చిళ్లు దోపుకుంది, ముందుకు వచ్చి అందరికన్నా గట్టిగా అరిచింది.

"నేను ఈడ సేతులు పుండ్లు పడేట్టు కాయలు కోసి నిన్ను సదివించింది ఇందుకేనామే? ఇంతమంది కడుపు కొట్టేదానికా? పో ఈడ నుంచి. నా మొకం సూడొద్దు."

అమ్మాయి తల్లినే చూస్తూ నిలబడింది. తల్లి అలా అనకపోతే గుంపులో ఆమెను ఎవరూ పక్కన కూర్చోనిచ్చేవాళ్లు కాదు, వచ్చే కోతలకు మేస్త్రీ పిలిచేవాడు కాదు. అది ఆవరణలో ఉన్న అందరికీ తెలుసు. కూతురికీ తెలిసే ఉంటుంది. ఆ సాయంత్రం ఇద్దరూ ఒకే బస్సు ఎక్కారు. తల్లి ముందు సీటులో, కూతురు వెనక తలుపు దగ్గర.

తొలగింపు కాగితం నేనే రాశాను. నిర్లక్ష్యం అని రాయమని మొదలాళి చెప్పాడు. "విధి నిర్వహణలో తీవ్రమైన నిర్లక్ష్యం కారణంగా తొలగించడమైనది" అని రాశాను. తీవ్రమైన అన్న మాట నాది. అది లేకపోతే వాక్యం వెలితిగా కనిపించింది.

మరుసటి ఏడు రిటైరై తిరుపతిలో ఇంటికి చేరాను. డైరీలన్నీ ముందు గదిలో అద్దాల బీరువాలో, ఏళ్ల వరుసలో పెట్టుకున్నాను. మొదలాళి ప్రతి ఏడూ కోతల్లో ఒక బుట్ట మామిడిపళ్లు పంపేవాడు.

మూడేళ్లు గడిచాక ఒక ఉదయం ఆ అమ్మాయి మా ఇంటికి వచ్చింది. చిక్కిపోయింది. ఈ మూడేళ్లలో ఎక్కడికి వెళ్లినా నేను రాసిన ఆ కాగితం అడిగారట, అది చదివి వద్దన్నారట. ఇప్పుడు సూళ్లూరుపేట దగ్గర ఒక కంపెనీలో పరీక్షలన్నీ దాటింది. వాళ్లు మాత్రం వద్దనలేదు, సంజాయిషీ అడిగారు. తాళం నీ అంతట నువ్వు తీయలేదని రుజువు ఏదైనా ఉంటే చూపించమన్నారు.

"మీరు రాసుకున్నారని నాకు తెలుసు సార్" అంటూ బీరువా వైపు చూసింది. "ఆ సంవత్సరందీ ఆడనే ఉండాది. ఆ పొద్దు పేజీ ఒక్కటి చాలు. మిమ్మల్ని యాడికీ రమ్మనను. ఎవరికీ మీ పేరు చెప్పను."

నేను రేపు రమ్మన్నాను.

మధ్యాహ్నం డైరీ సంచిలో పెట్టుకుని వీధి చివరి జిరాక్సు షాపుకు వెళ్లాను. పేజీ కింది సగం మీద ఒక తెల్లకాగితం అంచులు కలిసేలా పరిచాను.

"పైసగమే వస్తాది సార్, కింద తెల్లగా ఉంటాది. పరవాలేదా?" అన్నాడు షాపు అతను.

"పరవాలేదు" అన్నాను. బయటికి వచ్చాక హాయిగా అనిపించింది. ఆ అమ్మాయికి మేలు చేశాననుకున్నాను. సెంటర్లో ఆగి కాఫీ తాగి ఇంటికి వచ్చాను.

మర్నాడు ఆమె ఆ కాగితాన్ని రెండు చేతులతో అందుకుంది. మొదలాళి మాట అక్షరం పొల్లుపోకుండా ఉంది. రెండుసార్లు చదివింది. కళ్లు తుడుచుకుంది.

"కింద ఏమీ రాయలేదా సార్?"

"ఇంటి సంగతి" అన్నాను.

ఆమె నమస్కారం పెట్టి వెళ్లింది. పది రోజులకు మళ్లీ వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఆ పేజీ పనికి రాలేదు సార్. మొదలాళి మాట ఇంత వివరంగా రాసినాయన కింద ఏం రాసి మూసినాడు అని అడిగినారు. ఇంటి సంగతి అంటే నవ్వినారు. నాకు సెడ్డ జరిగే మాట ఏదో కింద ఉంటే, దాన్ని నేనే మూసుకొని తెచ్చినా అనుకుంటా ఉండారు. పూర్తి పేజీ తెస్తే సూస్తారంట. సోమవారం దాకా టైము ఇచ్చినారు."

నేను బల్ల మీది పేపరు మడతపెట్టాను.

"ఇంటి సంగతయితే పేర్ల మీద నల్లగా కొట్టేసి ఇయ్యండి సార్. ఇంట్లోవాళ్ల మాటలు నాకెందుకు?"

"కుదరదమ్మా."

ఆమె బీరువా వైపు చూసింది. ఆ సంవత్సరం డైరీ వీపు మీద నా చేతిరాతతో అంకెలు కనిపిస్తున్నాయి. చాలాసేపు చూసింది.

"ఆ పొద్దే కదా సార్ నేను మీకు కాగితం ఇచ్చింది. అయిదింటికి. లిస్టు కోసరం."

వంటింట్లో కుక్కరు కూత వేసింది. నేను లేచి, భోజనం వేళ అయిందని చెప్పాను.

"మీది మీరు కప్పుకున్నారు సార్. వాళ్లు దాన్ని నాది అనుకున్నారు" అంది. సగం కాగితాన్ని బల్ల మీద పెట్టి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది. గొంతు పెంచలేదు, తలుపు కూడా నెమ్మదిగానే దగ్గరికి వేసింది.

సోమవారం పొద్దున డైరీ బయటికి తీశాను. దుమ్ము తుడిచాను. ఆ సగం కాగితాన్ని అదే పేజీ మీద పెట్టి, మళ్లీ వరుసలో సర్దాను.

ఈ ఏడు మామిడిపళ్ల బుట్ట తెచ్చిన ఫ్యాక్టరీ డ్రైవరు నీళ్లు తాగుతూ కబుర్లు చెప్పాడు. మొదలాళికి మోకాళ్ల నొప్పులట, కొండకు కారులో వెళ్తున్నాడట. రెండో తాళం మళ్లీ పెట్టించారట, ఇప్పుడు నంబరు ముగ్గురి ఫోన్లకు వస్తుందట. 

"ఇంకొకటి సార్. అప్పుడు కంప్యూటర్ గదిలో ఉండేది సూడండి, పూతలపట్టు పిల్ల. ఈ కోతలకు కాయలు కోసేదానికి వస్తా ఉండాది. తల్లీ కూతురూ పక్కపక్కనే. గుంపులో అందరూ 'ఏమ్మా కంప్యూటరూ, బిన్నా కోయి, పొద్దు పోతా ఉండాది' అంటా ఉంటారు. పలకదు, కోస్తా ఉంటాది."

ఏదో ఒకటి అడగాలి కాబట్టి, టోపీ, గమ్ బూట్లు ఇచ్చారా అని అడిగాను.

"ఇచ్చినారు సార్. మీరు పెట్టిన పద్ధతే కదా. పేరు రాసుకొని ఇచ్చినారు."